పెన్సిలుతో రాసిన తేదీ

ప్రీమియర్ ఇంకా నోరు విప్పలేదు.
రేడియోలో అడిగితే నవ్వేసి
కోతలు ఎలా సాగుతున్నాయో చెప్పాడు.
నాకు మాత్రం మంగళవారమే తెలిసిపోయింది.

రెజైనా నుంచి ఫోను.
పేరు చెప్పలేదు, గొంతు మాత్రం ఆఫీసుది.
"అక్టోబరులో ఒక సోమవారం
మీ హాలు ఖాళీ ఉంటుందా?"
ఏ సోమవారం అన్నాను.
ఏదైనా అన్నాడు.
మెట్ల పక్కన చక్రాల కుర్చీకి వాలు ఉందా,
బల్లలెన్ని,
వెనక తలుపుకి తాళం సరిగ్గా పడుతుందా అని అడిగాడు.
ఇన్నేళ్లలో ఏ పెళ్లివాళ్లూ
వెనక తలుపు సంగతి అడగలేదు.

డైరీలో పెన్సిలుతో రాసుకున్నాను.
రబ్బరు పక్కనే ఉంది.

చట్టం ప్రకారం ఎన్నిక వచ్చే ఏడాది.
రాతి మీద చెక్కిన తేదీ అన్నారప్పట్లో.
ఆ రాయి కూడా మా ఊరి రోడ్డు కంకర లాంటిదే కాబోలు,
బరువైన బండి ఎక్కితే పక్కకి జరుగుతుంది.

కంకరంటే గుర్తొచ్చింది,
ఏడేళ్లుగా అడుగుతున్నది నిన్న దిగింది,
తెల్లవారకుండానే, మూడు లారీలు.
ఒరెస్ట్ ట్రాక్టరు ఆపి
చాలాకాలానికి ఇంటికొచ్చిన అల్లుణ్ని చూసినట్టు
అనుమానంగా చూశాడు.

కో-ఆప్‌లో కాఫీ దగ్గర పందేలు,
తేదీకి ఒక డాలరు.
నన్ను చేర్చుకోలేదు.
తాళాలున్న మనిషికి పందెం చెల్లదట.

డార్సీ ఇరవై రెండేళ్లు
ఎలివేటరులో ధాన్యం తూచినవాడు.
పంట ఇంటికొచ్చాక, అప్పు తేలకముందు,
మంచు రోడ్డు మూసేయకముందు
ఒక సన్నటి సందుంటుంది,
అందులోంచే దూరతారు చూడండి అంటాడు.
రాత్రిపూట వచ్చే సర్వే ఫోన్లు కూడా
తేమ చూడటమేనట.
పిడికెడు తీసి, మిషన్లో పోసి,
ఇంకా పచ్చిగా ఉంటే
ఇంకో పదిరోజులు ఆగుతారు.

సాయంత్రం లెసియా వచ్చింది.
కోటు విప్పలేదు.
హాలు కావాలంది, నెస్టర్ కోసం.
ఎప్పటికి అని అలవాటుగా అడిగి
నాలుక కరుచుకున్నాను.
"డాక్టరు చెప్పడం లేదు" అంది.
భోజనాలు ఎనభై మందికి అనుకోమంది.
క్యాబేజీ చుట్టలు చెల్లెలు తెస్తుందట.

తలుపు దగ్గర ఆగి అడిగింది,
"ఆసుపత్రికి పెట్టె తెస్తారా?"
ఏ పెట్టె అనబోయి ఆగాను.
"ఓటు పెట్టె" అంది తనే.
"పద్దెనిమిదో ఏట నుంచి ఒక్కటీ తప్పలేదు.
ఈసారి ఎవరికో నాకు కూడా చెప్పడం లేదు.
ఎప్పుడు పెడతారని మాత్రం
రోజూ అడుగుతున్నాడు."

ఆ సోమవారం సంగతి
నా నాలుక చివరిదాకా వచ్చింది.
చెప్పానో లేదో ఇక్కడ రాయను.

ఆమె వెళ్లాక డైరీ అంచులో
నెస్టర్ పేరు రాశాను, పెన్సిలుతోనే.
రెండూ ఒకే రోజు పడితే
ఏం చేయాలో నిబంధనల్లో లేదు.

లైటు వేసి కుర్చీలు లెక్కపెట్టాను.
నూట పద్దెనిమిది.
రెండింటికి కాళ్లు ఊగుతున్నాయి.