వాన వల్ల కొలత నిలిపినాము

పర్లాకిమిడి కచేరీ వెనక
రికార్డు గదికి ఒకటే కిటికీ.
అవతల మహేంద్రతనయ.
ఎండాకాలం ఇసుక, వానాకాలం నాకు భయం.

మద్రాసు పోయి ఒరిస్సా వచ్చింది,
ఒరిస్సా ఒడిశా అయింది,
బయట బోర్డు మీద రంగు మారింది.
ఎర్రగుడ్డ మూటల్లో మాత్రం
కలం ఎత్తకుండా రాసిన గొలుసుకట్టు తెలుగు,
ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని
సంతకి పోతున్న పిల్లల్లా.

మొన్న భువనేశ్వర్ నుంచి యంత్రం వచ్చింది,
వెంట తపన్ అనే కుర్రాడు.
పేజీకో మెరుపు.
భాష అన్న గడిలో "తెలియదు" అని కొట్టుకుంటూ పోతున్నాడు.
కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.
తెలుగు, బాబూ.
ఇదీ తెలుగే.
ఇదీను.
ఇది మాత్రం చెద తిన్న దారి.

ఆ వారమే సొంబారి గొమాంగో మూడోసారి కొండ దిగింది.
కొంగులో పచ్చి అల్లం.
రెండుసార్లు వద్దన్నాను,
ఈసారి పుచ్చుకున్నాను,
పుచ్చుకోకపోతే ఆమె కూర్చోదు.
"మా తాత బూమి కాయితం నీ కాడుందంట."

ఫసలీ పదమూడు వందల ముప్పై ఏడు.
మూట విప్పితే వేపాకు పొడి, తుమ్ము.
కరణం బలివాడ కూర్మయ్య
నూట పన్నెండో నెంబరు దాకా కొలిచాడు.
అక్కడ గీత ఆగింది.
అంచున సన్నగా:
"వాన వల్ల కొలత నిలిపినాము.
గొలుసు బురదలో కూరుకుపోయినది.
గెడ్డ అవతల జీలుగు చెట్లు,
ఒక సవర కుటుంబం కాపురమున్నది.
మిగత రేపు."
తర్వాతి సగం పేజీ ఖాళీ.
ఆ రేపు ఏ మూటలోనూ లేదు,
నాలుగు రోజులు వెతికాను.

ఒక మాట చెప్పాలి.
కూర్మయ్య రాత నాకు వచ్చు.
అతని "క" తలకట్టు ఎటు వాలుతుందో,
అలసిపోతే "ళ" ఎలా తోక ముడుస్తుందో.
ఇరవై ఆరేళ్లు చదివి చదివి
ఇంట్లో పాలపద్దు కూడా అతని చేత్తోనే రాస్తున్నాను.
బీరువాలో కరక్కాయ సిరా ఉంది, చిరుగులు దిద్దడానికి.
ఒక్క వరస చాలు.
నూట పదమూడు, మెట్ట, ఎకరం డెబ్భై సెంట్లు,
ఆమె తాత పేరు.
ఎవరు పోలుస్తారు?
ఈ జిల్లాలో ఇది చదివేవాణ్ణి నేనొక్కణ్ణే.

సీసా మూత తీశాను కూడా.

చదివేవాడు ఒక్కడే మిగిలినప్పుడు
వాడు ఒక్క వరస అబద్ధం రాస్తే
మిగిలిన నూట పన్నెండూ
ఆ రాత్రే అబద్ధమైపోతాయి.
ఇది అప్పుడు తోచలేదు.
అప్పుడు చెయ్యి వణికింది, అంతే.
మూత పెట్టేశాను.

నకలు రాశాను ఉన్నది ఉన్నట్టు,
వానతో సహా, బురదతో సహా.
కింద ఒడియాలో తర్జుమా.
"కాపురమున్నది" కింద గీత గీయబోయి మానుకున్నాను.
గీత వకీలు గీసుకుంటాడు.

ముద్ర ఆరేదాకా ఊదుతూ అడిగింది:
"ఇందుల మా తాతున్నాడా?"
పేరు లేదమ్మా. ఇల్లుంది.
ఆ రోజు వాన ఉంది.

"ఆ వాన మాకెరికే" అంది.
"కొలతోలు మా ఇంట్లోనే తలదాసుకున్నారు.
ముసిలి కరనానికి సలి జొరం.
మా అవ్వ సోడి జావ పోసింది.
తెల్లారి ఆడ్ని మంచం మీద మోసుకుపోనారు."

తొంభై ఏళ్లకి పైగా నేను వెతికిన రేపు
కొండ మీద ఒక ఇంట్లో
నోటి మీదే ఉందన్నమాట.

కోర్టు ఏమంటుందో నాకు తెలీదు.
వచ్చే మార్చిలో తాళంచెవి ఇచ్చేస్తాను,
ఎవరికో ఇంకా చెప్పలేదు.

ఆ సాయంత్రం నా నకళ్ల రిజిస్టరులో
నా తేదీ వేసి, నా సంతకం పెట్టి,
నా సొంత రాత ఎలా ఉండేదో
గుర్తు చేసుకుంటూ అంచున రాశాను:
"ఎండ. నకలు ఒకటి ఇచ్చినాము.
జావ సంగతి విన్నాము."