జీరో టికెట్

భూపాలపల్లి పల్లెవెలుగు, పొద్దుగాల ఆరున్నర.
రేగొండల ఎక్కిందామె.
ఆధార్ కార్డు చూపెట్టింది, జీరో టికెట్ కొట్టిచ్చిన.
ఈ వారంల మూడోసారి.

సర్కారు పైసలు తీసుకోదు గని
తొవ్వ ఊకెనే దొరుకుతదా ఆడిదానికి?

మొదటిసారి డాక్టరమ్మ లీవుల ఉందన్నరట.
రెండోసారి సిస్టరు
"మీ ఆయనేడి? సంతకం ఎవలు పెడ్తరు?" అన్నదట
లైన్ల ఉన్నోళ్లంత వినేటట్టు.
మందుల షాపోడు గోలీల పేరు చెప్పంగనే
మొఖం ఇడిసిపెట్టి కడుపు దిక్కు చూసిండట.
ఇవేవి నాతోని చెప్పలే.
పరకాల దాటినంక ఫోన్ల చెల్లెతోని చెప్పుకుంటాంటె
చిల్లర లెక్కవెట్టుకుంట విన్న.

పద్దెనిమిదేండ్లు నిండిన ఆడామెకు
తన సంతకం తనదే సాలు, చట్టంల అట్లనే ఉన్నదని
మా యూనియన్ మీటింగుల ఒక వకీలమ్మ చెప్పింది.
చట్టం కాయిదం మీద ఉంటది.
సిస్టరు గొంతు కౌంటర్ కాడ ఉంటది.

నా సంగతా?
అడగకున్నా చెప్త.
చిన్నోడు పాలు మానకముందే మళ్ల నెల తప్పింది.
ములుగు రోడ్డు పక్కపొంటి గల్లీల ఒక ఆర్‌ఎంపీ,
పచ్చ పరదా, బకీట్ల నీళ్లు, రెండువేల రూపాలు.
మూడొద్దులు నెత్తురాగలే.
అత్తకు కడుపునొప్పన్న, డిపోల జరమన్న.
మా ఆయనకేం చెప్పలే. ఆయనా ఏమడగలే.
నాలుగోనాడు డ్యూటీ ఎక్కిన.
ఆత్మకూరు కాడ కండ్లు తిరిగి టికెట్ల ట్రే మీద పడితె
డ్రైవర్ సారయ్య బండి పక్కకాపి
నిమ్మసోడ తాపిండు.
నా కోసం ఆగిన బండి అదొక్కటే.

తప్పా ఒప్పా అని టీవీల కూసున్నోళ్లు మాట్లాడుకుంటరు.
నాకంత తెల్వది.
బాధ లేదని చెప్ప.
పుట్టనిదాన్ని ఇప్పటికీ ఒకోపారి లెక్కకడ్త,
ఇంటర్ల ఉండునేమో, బస్ పాస్ కోసం నన్నే సతాయించునేమో.
అయినా మళ్ల ఆనాడొస్తె అదే పని చేస్త.
గా గల్లీకి మాత్రం పోను.
ఈ రెండు మాటలు ఒక్క నోట్లెనే ఉంటయి.
నమ్మకుంటె మీ ఇష్టం.

హన్మకొండ బస్టాండ్.
అందరు దిగి పొయిండ్రు, ఆమె దిగినకాడనే నిలవడ్డది.
సంచిల దుప్పటి, టిఫిన్ డబ్బ, మడతలువడ్డ స్కాన్ కాయిదం.
"ఎవలన్న ఒస్తాన్రా నీతోని?"
తలకాయ అడ్డమూపింది.
మళ్ల ట్రిప్పుకు నలభై నిమిషాలున్నది.
"ఓదేలన్నా, చాయ్ నువ్వొక్కనివే తాగుపో" అన్న.

దవాఖాన బల్ల మీద కూసున్నంక పేరడిగిన.
భాగ్య.
గంతే, ఇంకేం అడగలే.
గోడ మీద ఫ్యాను తిరిగేటప్పుడల్ల ఆమె దిక్కే ఆగి పోయినట్టనిపించింది.
సిస్టరొచ్చింది.
"ఈమెతోని ఎవలొచ్చిండ్రు?"
ఖాకీ అంగి సదురుకోని లేచిన.
"నేను."
"ఏమైతవ్?"

దానికి జవాబు నా కాడ లేకుండె.
"సంచి పట్టుకున్న సూడు" అన్న.