జామీను

మక్తల్ శాఖా గ్రంథాలయానికి నేను
పుస్తకాలు లెక్కపెట్టడానికి పోయాను.
రిజిస్టరులో మూడు వేల నాలుగు వందల పన్నెండు.
బీరువాల్లో, బల్లల మీద, పాత గోనెసంచిలో
ఎలుకలు సగం చదివినవి కూడా కలుపుకుంటే
రెండు వేల నూట తొంభై.

"తక్కినవి ఎక్కడమ్మా?"
ఈరమ్మ గారు ఫ్యాను కేసి చూసి
వేళ్లు ముడుస్తూ చెప్పింది:
"భీవండిల నలభై.
పూనా అవతల సొరంగం పని కాడ పదారు.
పిలగాండ్ల బొమ్మల పుస్తకాలైతే సార్,
అవి యాడ తిరుగుతున్నయో నాకూ ఎరుకలేదు."

గడువు గడిలో తేదీ ఉండాలి.
ఆకుపచ్చ సిరాతో ఉంది: వానలు పడ్డంక.
కింద మళ్లీ: వానలు పడ్డంక.
ఒకచోట: మేస్త్రి ఇడిసిపెట్టినంక.
ఒకచోట కొట్టేసి, పక్కన
వచ్చే ఏడు వానలకు.

సభ్యత్వానికి జామీనుదారు కావాలి,
ఇంటిపన్ను కట్టేవాడో, ఉద్యోగస్తుడో.
అడ్వాన్సు తిని ఊరు విడిచేవాడికి ఎవరు పడతారు పూచీ?
రెండు వందల పదకొండు ఫారాలు తిప్పాను.
అన్నిటి కిందా
అదే వంకర 'ఈ', ఒత్తు జారిపోయిన అదే 'మ్మ'.

రాత్రి పదకొండు దాటాక కృష్ణా స్టేషనులో
బొంబాయి రైలు కోసం మూటల మీద కూచున్నవాళ్ల మధ్య
ఈమె కూడా ఒక మూట విప్పేదట.
చదువు రానివాళ్లూ తీసుకున్నారట.
"సదివేటోడు గుంపుల ఒక్కడుంటే సాలు సార్.
గుడిసెల దీపం ఎట్లైనా ఒక్కటే గదా."

తిరిగొచ్చినవి వేరే అలమారలో ఉన్నాయి.
సిమెంటు పట్టి బిరుసెక్కినవి,
మరాఠీ పేపరు అట్ట తొడుక్కున్నది ఒకటి.
ఇంకోదాంట్లో గుర్తుకు పెట్టిన కూలి చీటీ:
ముప్పై రెండు రోజులు, ఇంకా రావాలె.
ఆ పేజీ దాటి ఎవరూ చదివినట్టు లేదు.

నా ఫారంలో 'పోయినవి' అని గడి ఉంది.
పోయి వచ్చేవాటికి లేదు.
రికవరీ పద్దెనిమిది వేల ఆరు వందల నలభై,
పింఛనులో కోస్తారని చెప్పాను.
"కొయ్యనియ్యి," అంది.
సొరుగులో ఏదో వెతుకుతూ,
"మీకు కార్డున్నదా సార్?"

లేదన్నాను. నాకెందుకు, తిరిగే ఉద్యోగం, అన్నాను.
"తిరిగేటోళ్లకే గదా," అని
ఆకుపచ్చ పెన్ను మూత తీసింది.
నా పేరింకా అడగలేదు,
జామీను గడి నింపుతోంది.

బయట ఊట్కూరు బస్సు హారను కొట్టింది,
మళ్లీ కొట్టింది.
రికవరీ కాగితం నా చేతిలోనే ఉంది.