గూడ్సు పోయేటప్పుడే

నోయెల్ డ్రైవర్ కూతురు మెర్లిన్ ఆటోలో తెచ్చింది.
దుప్పట్లో చుట్టి, బాలింతను దించినట్టు దించింది.
"గూడ్సు పోయేటప్పుడే అరుస్తాదన్నా,
మిగతా యాళల్లో బాగానే ఉంటాది."

గుంతకల్లులో గూడ్సు పోని యాళ ఏది?

ఒకప్పుడు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో క్రిస్మస్ డాన్సులకు
గిటారు ఈ పెట్టెలోంచే మోగేది.
లోపల చెక్కనేల మీద బూట్లు.
బయట కిటికీ ఊచలు పట్టుకున్న మా కాళ్ల కింద
పల్లేరుకాయలు.

వెనక పలకకు నాలుగు మరలు.
ఒకటి తుప్పును కరుచుకుని రానంది.
ఆముదం చుక్క వేసి, టీ తాగొచ్చాను.
తెరిస్తే ముందు వాసన:
కాలిన మైనం, బొద్దింక గుడ్లు,
తాళం వేసి మరిచిపోయిన ఒక ఎండాకాలం.

ప్లగ్గు పీకినా చెయ్యి పెట్టకూడదు.
కెపాసిటర్ పగను దాచుకుంటుంది,
మూడొందల వోల్టులు, మాటాపలుకూ లేకుండా.
కాశింపీరా సారు నాకు చెప్పిన మొదటి పాఠం
"ఎడం చెయ్యి జేబులో పెట్టుకోరా ఓబులేసూ.
రెండు చేతులూ పెట్టినోడు
గుండెకాయను తీగ మీద ఆరేసినట్టే."
నాది ఎడమచేతి వాటమని చెప్పడానికి
ఆ రోజు నోరు రాలేదు.
ఇప్పటికీ నా ప్యాంట్లన్నిటికీ
ఎడమ జేబే ముందు చిరుగుతుంది.

రెసిస్టర్ ఆనించి, మీటరు ముల్లు
సున్నాకు దిగేదాకా కూర్చున్నాను.

వాల్వులు ఐదు.
ఒకదాని నెత్తిన వెండి పూత పాలలా తెల్లబడింది.
గాలి చొరబడిందన్నమాట.
జతలో ఒకటి చచ్చినా
రెండోది కుంటుకుంటూ ఎన్ని క్రిస్మస్‌లు లాగిందో.
ఉబ్బిన కెపాసిటర్లు తీసేశాను,
కొత్తవి మద్రాసు నుంచి రావడానికి పదకొండు రోజులు.
వేశాక
ఆ కందిరీగల రొద పోయింది. స్పీకర్ నిమ్మళించింది.

మధ్యాహ్నం బళ్లారి వైపు గూడ్సు కదిలింది.
బల్ల మీద స్క్రూలు వణికాయి.
అరిచింది.

ఇక వెదురు పుల్ల పట్టుకున్నాను, కరెంటు పెట్టి,
ఎడం చెయ్యి జేబులో పెట్టి.
డాక్టరు వీపు తట్టినట్టు
ఒక్కొక్క తీగనూ ఒక్కొక్క కాలునూ తట్టుకుంటూ పోతే
టోన్ కంట్రోలు మూడో కాలు దగ్గర
టప్‌మని ఎగిరిపడింది.

అద్దం పెట్టి చూశాను.
మెరవాల్సిన టంకం బూడిద రంగులో ఉంది,
శనగగింజంత లావు, తోక పక్కకు లాగి.
చేతకాని చెయ్యి చేసిన అతుకు.
వణికే చెయ్యి.
ఎవడప్పా ఈ పని చేసింది, అని గొణుక్కున్నాను.

ట్రాన్స్‌ఫార్మర్ కింద గమ్ముతో అంటించిన చీటీ.
అగ్గిపెట్టె కాగితం మీద సారు అక్షరాలు,
ఉర్దూ రాసే చేతి తెలుగు, వెనక్కి వాలి:
"టోన్ కంట్రోలు మార్చినది ఓబులేసు. 14-12-81."

నాకు పదహారు.
ఆ పని చేశానన్న గుర్తే లేదు.
సారు చూసే ఉంటాడు.
అంత లావు బొట్టు గుడ్డివాడికైనా వేలికి తగులుతుంది.
చూసి కూడా చీటీ రాసి, పేరు పెట్టి, మూత బిగించాడు.
ఎందుకని ఇప్పుడు ఎవరిని అడిగేది?
గుత్తి రోడ్డు ఖబరస్తాన్‌లో వేపచెట్టు నీడ పడే వరస,
అక్కడా గూడ్సు వినబడుతుంది.

ప్లగ్గు పీకాను. మళ్లీ సున్నాదాకా ఆగాను.
ఎడం చెయ్యి జేబులోంచి తీశాను.
ఐరన్ దానికి ఇచ్చాను.
పాత సీసం ఒక నిమిషం మొండికేసి
తర్వాత కన్నీటి బొట్టంత నీళ్లై జారింది.
కొత్త చుక్క చల్లారేదాకా
ఊపిరి బిగబట్టి కదల్లేదు.
మెరిసింది.

సాయంత్రం మెర్లిన్ వచ్చింది. తీగ గుచ్చి
ఏమీ వాయించకుండా నిలబడింది.
ఇద్దరం గూడ్సు కోసం ఎదురుచూశాం.
వచ్చింది, యాభై ఎనిమిది వ్యాగన్లు, సిమెంటు.
టీ గ్లాసు వణికింది, గోడ మీది క్యాలెండరు వణికింది.
పెట్టెలో వాల్వులు మాత్రం
పొయ్యిలో నిప్పుల్లా ఎర్రగా, ఊరకే ఉన్నాయి.

"ఎంతన్నా?"
వాల్వుకు చెప్పాను. కెపాసిటర్లకు చెప్పాను.
ఆ ఒక్క చుక్క సీసం
బిల్లులో రాయలేదు.