ఇంటిచూపులు

ఆదివారం పదకొండుకు వస్తరన్నడు అక్రమ్ భాయ్.
నల్లా వచ్చే దినమే పెట్టించిండు, తెలివిగల్లోడు.
తిప్పంగనే దడదడ దుంకాలె మంజీర నీళ్లు.
దినం విడిచి దినం వస్తదని
కొనేటోళ్లకు ఇప్పుడే ఎందుకు?

ఓనర్ సారు మొదటిసారి మెత్తగ మాట్లాడిండు ఫోన్ల.
"జర నీటుగ పెట్టుండ్రి అమ్మా, ఒక నెల కిరాయి మాఫ్."
వారాసిగూడ, మూడో అంతస్తు, రెండు రూములు.
మేం ఖాళీ చెయ్యాల్సిన ఇంటిని
మేమే సింగారించాలె.

బాత్రూం నల్లా ఆరేండ్లు కారింది.
ఆరేండ్లు దాని కింద బకెట్ పెట్టి
ఆ నీళ్లల్లనే బట్టలు నానేసిన.
చెప్పి చెప్పి నోరు నొచ్చి ఊకున్న.
మొన్న శుక్రవారం ప్లంబర్ వచ్చి
పోసిన చాయ్ చల్లారకముందే బాగుచేసి పోయిండు.
ఆ రాత్రి చప్పుడు లేక నాకు నిద్ర పట్టలే.

అక్రమ్ భాయ్ ఇల్లంత తిరిగిండు.
ఈశాన్యంల చెప్పుల స్టాండు వద్దన్నడు.
ఫ్రిజ్ మీద మందుల డబ్బ, తీగ మీద తువ్వాల వద్దన్నడు.
"ట్యూబులైటు తీసెయ్, పసుప్పచ్చ బల్బు పెట్టు.
ఆ వెలుగుల ఎవ్వరి ఇల్లైనా పెద్దింటోళ్ల ఇల్లే."
కుట్టుమిషన్ దిక్కు చూసి గొంతు తగ్గించిండు.
"ఇది జర ఎక్కడన్న...
వాళ్లకు వాళ్ల సోఫా కనబడాలె బేటీ, నీ మిషన్ కాదు."

కింద నూర్జహాన్ ఆపా ఇంట్ల పెట్టొచ్చినం.
నేనొక దిక్కు, భిక్షపతి ఒక దిక్కు.
మెట్ల మీద మోస్తుంటె
చక్రం దానంతటదే తిరిగింది.
ఇయ్యాల్సిన పదకొండు జాకెట్లు
దీవాన్ కింద చీకట్ల.

బెడ్రూం గోడకు చెమ్మ మరక ఒకటుంది.
మా రవళి దానికి ఏనుగని పేరు పెట్టింది.
ఏటేటా వానలకు తొండం పొడుగైతది.
పెయింటర్ రెండు కోట్లు కొట్టిండు.
ఏనుగు పోయింది, కాళ్లు పోలే.
బీరువా జరిపి కాళ్లు దాచినం.

వచ్చిన్రు.
మొగడు, పెండ్లాం, ఆమె అత్త.
అత్త చేతిల ఫోను, ఫోన్ల దిక్సూచి.
పెండ్లాం కడుపుతోటున్నది, ఏడో నెల ఉంటది,
మెట్లెక్కి గోడకు చెయ్యి ఆనించింది.
చాయ్ పళ్లెం పట్టుకొని నిలబడ్డ నేను.
పెండ్లిచూపులల్ల గూడ ఇంతసేపు నిలబడలే.
అప్పుడు నన్ను చూసిన్రు.
వీళ్లు నన్ను దాటి చూస్తున్నరు.

ఆ పిల్ల మెల్లగ అడిగింది,
"వానకాలంల ఎట్లుంటదక్కా?"
అక్రమ్ భాయ్ దగ్గిండు.
భిక్షపతి బాల్కనీలకు పోయిండు, ఏం పని లేకున్న.
"ఎండ మస్తొస్తది" అన్న నేను.
"డిసెంబర్ల తొమ్మిదిన్నరకు ఈ బండ మీదికొచ్చి
పదిన్నర దాన్క కూసుంటది.
పసిబిడ్డకు నూనె రాయనీకి
ఇంతకంటె మంచి జాగ దొరకది."
అబద్ధం కాదు.
అడిగింది వాన, చెప్పింది ఎండ.

"బీరువా ఎనుక ఏనుగున్నది" అన్నది రవళి.
అందరు నవ్విన్రు.
అక్రమ్ భాయ్ అందరికంటె గట్టిగ నవ్విండు.
"అవునా, ఏం తింటది నీ ఏనుగు?"
వంగలేక వంగి అడిగింది ఆ పిల్ల.
"తినది. వాన నీళ్లు తాగుతది."

అత్త ఫోన్లకెళ్లి తలెత్తింది.

ఫోన్ చేస్తమని చెప్పి పోయిన్రు.
చాయ్ కప్పులు రెండు నిండుగనే ఉన్నయ్.
మిషన్ తెచ్చుకుందమంటె భిక్షపతి అన్నడు,
"వచ్చే ఆదివారం ఇంకోళ్లున్నరట, ఆడ్నే ఉండనీ."

రవళి పండుకున్నది.
దీవాన్ కిందికెళ్లి ఒక జాకెట్ గుంజి
హుక్కులు చేతితోనే కుట్టుకుంట కూసున్న.
ఇల్లు మస్తున్నది, ఇన్నేండ్లల్ల ఎన్నడు ఇట్ల లేదు.
కానీ ఈ పసుప్పచ్చ వెలుగుల
ఏది చిలకపచ్చ దారమో, ఏది నీలమో
ఎంత చూసినా తెలుస్తలేదు.