రెండువందల పదకొండో గుడ్డు

ఆటల దానికేదో నోరు తిరగని పేరుంది.
మేం రోలు అంటం.
నడుము కింద అంతా రాయే, చేతులు రెండు రోకండ్లు,
కండ్లు మాత్రం నిద్రల లేపిన చంటిపిల్లవి.

గుడ్లు పొదిగేటోళ్లంతా ఉరికేదాని కోసం చూస్తరు.
వేగం ముప్పై దాటితే పండుగ,
సున్నా వస్తే అడివిల ఇడిసిపెడతరు.
నేను సున్నా కోసమే కూసున్న.
కాజీపేట షెడ్డు ఎనక క్వార్టర్ల, ఫ్యాను కింద,
రాత్రి రెండింటికి బల్లార్ష దిక్కు పోయే బండి సప్పుడుల
ఒక్కొక్క గుడ్డు చిట్లుతాంటే చూసిన.
తొమ్మిది. వద్దు.
రెండు. అయ్యో, వద్దు.
రెండువందల పదకొండోది కండ్లు తెరిచి
నన్ను జూసి ఆవులించింది.
సున్నా.

కొట్టుడు దానికి పుట్టుకతోనే వచ్చు.
నేర్పాల్సింది తినుడు.
"గంత లేటుదాన్ని ఏం జేస్కుంటవ్?
అది చెయ్యెత్తేలోపు
అవతలోడు రెండు దెబ్బలేసి ఛాయ్ తాగొస్తడు" అంటరు.
నిజమే.
రోట్లో తల పెట్టినంక రోకటిపోటుకు భయపడొద్దంటరు గని
రోలు సంగతి ఎవ్వడూ అడగడు.
ప్రతి పోటుకూ కింద ఉండేది అదే గదా.

ఒక్క ఉపాయముంది.
ముందుగాల మిణుగురును దించాలె.
బుడ్డ ప్రాణం. తలకిందుల గది కట్టి, సోలిపోతది.
ఆ గదిల ఐదు వంతులు లెక్క తిరగబడతది.
ఎనకటిది ముందు, ముందటిది ఎనక.
ఎంత ఉరికెటోనికి అంత ఆలస్యం.

నయీంనగర్ల రీచార్జ్ దుకాణం మీది అర్ర.
కూలర్ల నీళ్లయిపోయినయ్,
పద్దెనిమిది మందికి ఒక్కటే ప్లగ్గు.
ఫైనల్ల నా ఎదురుంగ మట్టెవాడ ఫర్హాన్,
వాని దగ్గర అన్నీ గాలిని కోసేటియే.

మిణుగురు గది కట్టింది. సోలింది.
రోలు దిగంగనే చేతుల ఫోను గుర్రుమన్నది.
వాని పిట్ట రెక్క ఇప్పకముందే రోకలి.
పిట్ట లేదు.
నీలితోడేలు. రోకలి. అదీ లేదు.
ఎనకనుంచి ఎవడో "ఓ యవ్వ" అన్నడు.
తర్వాత ఫర్హాన్ డాలు పట్టిండు, ఒక వంతు కర్సు.
మళ్ల ఇనుపతాబేలును అడ్డమేసిండు, ఇంకో వంతు.
నా లెక్కల ఇంకొకటి మిగిలే ఉంది.

గది కట్టిన వంతు గూడ లెక్కలకే వస్తది.
అది నాకెర్కె. వెయ్యిసార్లు ఎర్కె.
ఆ పూట యాదిమరిచిన.

గది కూలితే ఆటల సప్పుడు రాదు,
కింద చిన్నగ ఒక్క ముక్క పడతది:
లెక్క మళ్ల మామూలైంది.
రోలు చెయ్యెత్తింది.
అంతలనే తాబేలు పోయి గద్ద వచ్చినట్టుంది, నేను చూడలె,
ఆ ఎత్తిన చెయ్యినే చూస్తున్న.
ఇప్పటికీ దిగలె.

పొద్దుమీకి సోమిడి గేటు పడ్డది.
పక్కన బండాపింది ఫర్హానే,
దర్గా కాజీపేటల వాళ్ల ఖాలా ఇంటికి పోతున్నడట.
బొగ్గు బండి వస్తాంది, నిండు గర్భిణి నడిచినట్టు.
పొద్దంతా లూపు లైన్ల నిలబడి
ఎన్ని ఎక్స్‌ప్రెస్సులకు తొవ్వ ఇచ్చిందో.
ఆటోలు హారన్లు కొట్టినయ్,
ఒక బుల్లెట్టు గుర్రుమని ఊరుకుంది,
ఒక్కొక్కటే ఇంజన్లు బందైనయ్.
దాన్ని జల్ది పొమ్మని ఎవ్వలంటరు?

"గుడ్లెన్ని?" అన్నడు ఫర్హాన్, పట్టాల దిక్కే చూస్కుంట.
చెప్పిన.
నవ్వుతడనుకున్న. హెల్మెట్ తీసి
చెవి గోక్కున్నడు.
"సున్నాదే?"
"సున్నాదే."
ఇంకేదో అన్నడు గని
ముప్పై నాలుగో డబ్బా పోతాంది అప్పుడు,
ఇనబడలె.