మూడోసారి పుట్టిన చెంబు

"కేజీ ఎంత?" అన్నాడాయన,
నరసన్నపేట నుంచి కారులో వచ్చి
సంచీలోంచి కొక్కెం తక్కెడ తీస్తూ.
మా మావ నీలాచలం పలకలేదు.
ధర మాట వచ్చినప్పుడల్లా
ఆయనకి బీడీ గుర్తొస్తుంది.
వీధిలోకెళ్ళి నిలబడ్డాడు.

చెంబు మెడకి తాడేసి వేలాడదీశారు,
సంతలో కోడిని తూచినట్టు.
కేజీ రెండొందల గ్రాములు.
"ఇత్తడి రేటు నాకు తెలుసమ్మా."
తెలుసు. మాకూ తెలుసు.
పాత సామాన్లవాడికి అందరికన్నా బాగా తెలుసు.

ధర చీటీలు రాసేది నేను.
పదో తరగతి తప్పిన లెక్కలతోనే
బూడితిలో కొలిమి ఖర్చు కడతాను:
బొగ్గులు, పుట్టమన్ను, ఊక, మైనం,
పాతపట్నం నుంచి ఆటో.
అక్కడిదాకా పెన్ను ఆగదు.

మొదటిసారి అచ్చు పగిలింది.
రెండోసారి పోత బాగానే వచ్చింది,
అంచు నున్నగా, కడుపు గుండ్రంగా,
నేనైతే అమ్మేసేదాన్ని.
మావ గోటితో ఒక్క దెబ్బ కొట్టి
చెవి దగ్గర పెట్టుకున్నాడు.
"దీనికి జలుబు సేసినాది గుంటా" అని
మళ్ళీ మూసలో పడేశాడు.
మూడోసారి పుట్టింది ఇది.
మూడు పురుళ్ళకీ కలిపి
ఒక్కటే చీటీ.

మెడ చుట్టూ చేపపొలుసు నగిషీకి నాలుగు పగళ్ళు.
ఆ ఉలి చేతికి లొంగడానికి పట్టిన ఏళ్ళని
ఎన్ని చెంబులకి పంచాలో
మా లెక్కల మాస్టారు చెప్పలేదు.

"మూడు వేల రెండొందలు" అన్నాను.
గొంతు వణికింది, అంకె వణకలేదు.
"స్టీలు బిందెలు నాలుగొస్తాయి."
"వస్తాయి బాబూ."

కారు స్టార్టయి, ఆగింది.
అంతసేపూ లోపలే కూర్చున్న ఆవిడ దిగి వచ్చి
ఎవరూ చెప్పకుండానే
ఉంగరం వేలితో చెంబుని కొట్టింది.
ఆ మోత చల్లారేదాకా కదల్లేదు.
తర్వాత బేరం లేదు.

డబ్బులు చేతిలో పెడితే
మావ నా మీద కేకలేశాడు.
"అంత అడిగినావేటి? సిగ్గు నేదేటి?"
కాలర్ కిందకంటా చెమట.
దొంగతనం చేసింది తనే అయినట్టు.

రాత్రి నీళ్ళకి లేచి చూద్దును గదా,
సెల్‌ఫోను వెలుతురులో మావ,
రేపటి చెంబుకి నేను కట్టిన చీటీని
పట్టుకుని కూర్చున్నాడు.
అంకె మీద గోటితో
ఒక్క దెబ్బ కొట్టి
చెవి దగ్గర పెట్టుకున్నాడు.